కొత్త పీసీ ఆన్ కావట్లేదా? పార్టుల్ని తిట్టే ముందు ఎక్కడ ఆగిందో చూడాలి

మూడు గంటలు కూర్చుని బిగించిన డెస్క్‌టాప్ బటన్ నొక్కాక ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతే ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన ఒక్కటే, ఏదో పార్ట్ డెడ్. అరగంటలో ఆ 'ఏదో' కాస్తా 'మదర్‌బోర్డే' అయిపోతుంది, ఇంకో పది నిమిషాల్లో రిటర్న్ రిక్వెస్ట్ కూడా వెళ్లిపోతుంది. కొత్త పార్ట్ పెట్టెలోంచే చచ్చి రావడం లేదని కాదు, ఉంటుంది, కానీ అనుకున్నంత తరచుగా కాదు. సగమే దిగిన ర్యామ్, పెట్టడం మరిచిపోయిన ప్రాసెసర్ పవర్ కేబుల్, తప్పు పోర్టుకి తగిలించిన మానిటర్ వైరు, ప్రాసెసర్ కంటే ముందు పుట్టిన బయోస్ (బోర్డుని మొదట నిద్రలేపే ప్రోగ్రామ్)... కొత్త మెషీన్ మొరాయిస్తే ముందు అనుమానించాల్సినవి ఇవీ.

పాత కంప్యూటర్ మొరాయించడం వేరు, కొత్తది మొరాయించడం వేరు. పాతదాని విషయంలో ఒక్క ప్రశ్న సగం పని చేసిపెడుతుంది: నిన్నటిదాకా బాగానే ఉంది కదా, ఈలోపు ఏం మారింది? కరెంట్ పోయి వచ్చిందా, పిల్లలు పక్కకి జరిపారా, ఏదైనా అప్‌డేట్ పడిందా అని వెనక్కి వెళ్తే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కొత్త మెషీన్‌కి అసలు నిన్నే లేదు. లోపలున్న ఎనిమిది పది పార్టుల్లో ఏదీ ఇంతకుముందు మిగతావాటితో కలిసి పనిచేసి చూపించింది కాదు, బిగించిన చెయ్యి కూడా చాలాసార్లు కొత్తదే. కాబట్టి ఇక్కడ అడగాల్సింది 'ఎక్కడిదాకా వచ్చి ఆగింది' అని. అది తేలకపోతే అతి తక్కువ సామానుతో ఒకసారి ఆన్ చేసి, ఆ మెషీన్‌కి ఒక నిన్నని మనమే తయారు చేసుకోవాలి.

ఎక్కడిదాకా వచ్చిందో తెలియాలంటే బటన్ నొక్కాక లోపల ఏ వరుసలో ఏం జరుగుతుందో కొంచెం తెలిసుండాలి. పార్టులన్నిటికీ కరెంట్ పంచే డబ్బా, ఎస్‌ఎంపీఎస్, వెనక స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, మదర్‌బోర్డ్‌కి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంట్ అందుతూనే ఉంటుంది. క్యాబినెట్ ముందున్న బటన్ చేసేదల్లా రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలపడమే. అది చూసి బోర్డు 24 పిన్నుల కేబుల్లోని ఆకుపచ్చ వైరుని గ్రౌండ్‌కి కలుపుతుంది, ఎస్‌ఎంపీఎస్‌ని 'లేవమ్మా' అనడం అన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లేచి, 12, 5, 3.3 వోల్టులు నిలకడగా వస్తున్నాయని చూసుకుని, 100 నుంచి 500 మిల్లీసెకన్ల లోపు బూడిద రంగు వైరు మీద 'పవర్ బాగానే ఉంది' అని సిగ్నల్ ఇస్తుంది. అప్పటిదాకా ప్రాసెసర్‌ని కదలనివ్వరు. ఆ తర్వాత అది బయోస్ చిప్‌లోని ప్రోగ్రామ్ చదవడం మొదలుపెట్టి, ర్యామ్‌ని గుర్తుపట్టి పనికి సిద్ధం చేసుకుని, అక్కణ్నుంచి గ్రాఫిక్స్, కీబోర్డ్, డిస్కులు, చివర్లో విండోస్. తెర మీద మొదటి లోగో కనబడేసరికే కథ సగానికి పైగా నడిచిపోయి ఉంటుంది. ఒక మెట్టు వదిలేసి పై మెట్టు ఎక్కడం ఇందులో కుదరదు కాబట్టి, బయటికి కనబడే లక్షణాన్ని బట్టి ఏ మెట్టు మీద కూర్చుండిపోయిందో చాలావరకు చెప్పొచ్చు.

బటన్ నొక్కితే అసలు ఏమీ జరగకపోవడం చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ వెతకడానికి అన్నిటికంటే సులువైన కేసు ఇదే. గోడ సాకెట్‌లో వేరే ఏదైనా, ఫోన్ ఛార్జరైనా సరే, పెట్టి చూడాలి. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ గీత వైపు ఉందా సున్నా వైపు ఉందా చూడాలి, సున్నా అంటే ఆఫ్. వెనక దూర్చే పవర్ కార్డ్ పూర్తిగా దిగిందా అన్నది కూడా, ఎందుకంటే కొత్త ఎస్‌ఎంపీఎస్‌లో ఆ సాకెట్ బిగుతుగా ఉండి సగంలో ఆగుతుంది, పైకి మాత్రం దిగినట్టే ఉంటుంది. బోర్డు మీద చిన్న లైటేదైనా వెలుగుతుంటే స్టాండ్‌బై కరెంట్ వస్తున్నట్టే, అక్కడికి ఎస్‌ఎంపీఎస్‌కి సగం క్లీన్‌చిట్.

లైటు ఉండి బటన్‌కి స్పందన లేకపోతే చూపు బోర్డు కింది అంచుకి, కుడి మూలకి వెళ్లాలి. క్యాబినెట్ నుంచి వచ్చే సన్నటి వైర్లన్నీ చేరే చోటు అది, కొత్తగా బిగించేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసే చోటూ అదే. చాలా బోర్డుల్లో రెండు వరుసలుగా తొమ్మిది పిన్నులుంటాయి, పదో పిన్ను ఉండాల్సిన చోటు ఖాళీ. ఆ ఖాళీని కుడివైపు పైన పెట్టుకుని చూస్తే, కింది వరుసలో ఎడమ నుంచి మొదటి రెండూ డిస్క్ లైటువి, తర్వాతి రెండూ రీసెట్ బటన్‌వి, చివరి ఒంటరి పిన్నుతో పని లేదు. పై వరుసలో మొదటి రెండూ పవర్ లైటువి, తర్వాతి రెండూ పవర్ బటన్‌వి. మాన్యువల్‌లో బొమ్మ ఒకసారి సరిచూసుకోవాలి, కొన్ని బోర్డుల్లో ఈ వరుస తేడాగా ఉంటుంది. లైట్ల వైర్లకి ప్లస్ మైనస్ ఉంటాయి, బటన్ వైర్లకి ఉండవు, ఎటు తిప్పి పెట్టినా ఒకటే. తప్పు బటన్‌దా బోర్డుదా అని తేల్చడానికి ఆ వైరు పీకేసి, పవర్ బటన్ పిన్నులు రెండిటినీ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించాలి. మెషీన్ లేచిందా, లోపం క్యాబినెట్ బటన్‌లోనో దాని వైరులోనో ఉన్నట్టు. కొత్తది వచ్చేదాకా రీసెట్ బటన్ వైరుని ఆ పిన్నులకి తగిలించుకుని నడిపేసుకోవచ్చు కూడా.

అప్పటికీ లేవకపోతే ఎస్‌ఎంపీఎస్‌ని ఒంటరిగా పరీక్షించే పాత పద్ధతి ఒకటుంది, 24 పిన్నుల కేబుల్ని బోర్డు నుంచి తీసేసి ఆకుపచ్చ వైరుకీ ఏదో ఒక నల్ల వైరుకీ, అంటే గ్రౌండ్‌కీ, మధ్య పేపర్ క్లిప్ పెట్టి ఆన్ చేయడం. ఇప్పటి కేబుళ్లు చాలావరకు అన్నీ నల్లవే కాబట్టి రంగు చూసి చేయడం కుదరదు, పిన్ను నంబర్ చూసే చేయాలి, ఆకుపచ్చది ఉండాల్సింది 16వ పిన్ను. ఈ టెస్ట్ మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదు. ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ లేస్తోందని తెలుస్తుంది గానీ లోడ్ పడ్డాక నిలబడుతుందో లేదో తెలియదు. లోడ్ లేనప్పుడు ఫ్యాన్ తిప్పని మోడళ్లూ ఉన్నాయి, అది చూసి పోయిందనుకోకూడదు. ఇక ఎస్‌ఎంపీఎస్ డబ్బా విప్పడం అనే ఆలోచన అయితే అసలు వద్దు, ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది, తగిలితే చిన్న షాక్ కాదు.

రెండో రకం, ఆన్ అయినట్టే అయి సెకనులో ఆరిపోవడం. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగుతుంది, మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. చాలాసార్లు ఇది ఎస్‌ఎంపీఎస్ తనని తాను కాపాడుకోవడం, ఎక్కడో షార్ట్ ఉంది, కరెంట్ హద్దు మీరింది, అందుకే కట్టేసింది. కొత్త మెషీన్‌లో షార్ట్‌కి మొదటి అనుమానం బోర్డు క్యాబినెట్ రేకుకి తగలకుండా కింద ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌ల మీదే. మామూలు ఏటీఎక్స్ బోర్డుకి తొమ్మిది రంధ్రాలుంటాయి, క్యాబినెట్‌లో మాత్రం చిన్నా పెద్దా బోర్డులన్నిటికీ సరిపడా చోట్లు ఉంటాయి, వాటిలో కొన్నిటికి కంపెనీవాళ్లే ముందే స్టాండాఫ్‌లు బిగించి పంపుతారు. పెట్టబోయే బోర్డు అంతకంటే చిన్నదైన మైక్రో ఏటీఎక్స్ అయితే, దాని రంధ్రం లేని చోట మిగిలిపోయిన ఒక స్టాండాఫ్ బోర్డు వెనక టంకం చుక్కల్ని పొడుస్తూ కూర్చుంటుంది. జారిపడి బోర్డు వెనక్కి దొర్లిపోయిన స్క్రూ కూడా అదే పని చేస్తుంది. సంచిలో తెచ్చుకున్న స్క్రూల లెక్క తేలకపోతే క్యాబినెట్‌ని ఊపి చప్పుడు వినడం వెర్రిపని ఏమీ కాదు.

ఇక ప్రాసెసర్ కేబుల్. బోర్డు పై ఎడమ మూలలో, క్యాబినెట్ గోడకీ కూలర్‌కీ మధ్య చెయ్యి దూరని సందులో ఒక 8 పిన్నుల సాకెట్ ఉంటుంది. 24 పిన్నులది పెట్టేశాం కదా, కరెంట్ వచ్చేసినట్టే అనుకుని దీన్ని వదిలేసేవాళ్లు ఎంతమందో. ఇది పెట్టకపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, లైట్లు వెలుగుతాయి, ప్రాసెసర్‌కి మాత్రం కరెంట్ ఉండదు. దీనికి పెట్టాల్సిన కేబుల్ 4+4గా విడిపోతుంది, గ్రాఫిక్స్ కార్డుది 6+2గా విడిపోతుంది, రెండూ ఎనిమిదే కాబట్టి ఒకటే అనుకుని బలవంతంగా దూరిస్తే బోర్డు కాలిపోవచ్చు. దూరనంటున్న కనెక్టర్ సాధారణంగా నిజమే చెబుతుంది. పెద్ద బోర్డుల్లో ఈ ఎనిమిది పక్కన ఇంకో నాలుగో ఎనిమిదో పిన్నులు అదనంగా ఉంటే, మామూలు వాడకానికి అవి ఖాళీగా ఉన్నా మెషీన్ లేస్తుంది, టెన్షన్ అక్కర్లేదు. కేబుళ్ల గురించే ఇంకో మాట, కేబుళ్లు ఊడదీయగలిగే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లని కొత్తదానికి వాడకూడదు. ఎస్‌ఎంపీఎస్ వైపు ఉండే చివరికి ఉమ్మడి ప్రమాణం ఏమీ లేదు, ఒకే కంపెనీ రెండు మోడళ్లలోనే వోల్టులు వేరే పిన్నుల్లో ఉండొచ్చు. దూరుతుంది కదా అని పెడితే మొదట పోయేది హార్డ్‌డిస్క్, అందులోని పెళ్లి ఫోటోలతో సహా.

ఎక్కువమందిని ఏడిపించేది మూడో రకం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రంగు రంగుల లైట్లు మెరుస్తున్నాయి, మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అంటుంది. ఫ్యాన్లు తిరిగాయి కాబట్టి కంప్యూటర్ ఆన్ అయిందనుకోవడం దగ్గరే తప్పు మొదలవుతుంది. ఫ్యాన్లకి కావాల్సింది 12 వోల్టులే, ప్రాసెసర్ నోరు విప్పకపోయినా అవి హాయిగా తిరుగుతాయి. ఇక్కడ మొదట చూడాల్సింది మానిటర్ వైరు దేనికి పెట్టారన్నది. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే వైరు దానికే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డ్ పోర్టుకి కాదు. గ్రాఫిక్స్ కార్డ్ లేకపోతే ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉండి తీరాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉంటే, 12400ఎఫ్ లాగా, అందులో గ్రాఫిక్స్ లేనట్టే. ఏఎండీలో రైజెన్ 5600 లాంటి, ఏఎం4 అనే పాత సాకెట్ ప్రాసెసర్లలో పేరు చివర జీ ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. దాని తర్వాతి సాకెట్ ఏఎం5కి వచ్చాక రైజెన్ 7600 లాంటివాటిలో చిన్నపాటిది పెట్టారు గానీ 7500ఎఫ్‌లో మళ్లీ లేదు. రెండు వేలు తగ్గుతుందని ఎఫ్ తీసుకుని, కార్డ్ తర్వాత కొందాంలే అనుకుని, బోర్డుకి వైరు తగిలించి రాత్రంతా కూర్చోవడం ఎవరికీ జరగకూడని ముచ్చట.

వైరు సరిగానే ఉంటే, బోర్డు మీద కుడి పై అంచున నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో చూడాలి. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని పక్కన సన్నటి అక్షరాలు ఉంటాయి. ఎమ్‌ఎస్‌ఐ వీటిని ఈజీ డీబగ్ అంటుంది, ఆసస్ క్యూ ఎల్‌ఈడీ అంటుంది, పేరేదైనా పని ఒకటే, పైన చెప్పిన వరుసలో ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో చూపిస్తాయి. కొన్ని చవక బోర్డులకి ఇవి ఉండవు, వాటికి నాలుగు పిన్నుల బుల్లి స్పీకర్ తగిలించుకుని బీప్‌లు వినాలి. ఇక్కడ ఒక అపార్థం బాగా తిరుగుతోంది. డీర్యామ్ లైటు వెలుగుతూ ఆగిపోతే ర్యామ్ పోయిందని కాదు అర్థం, ర్యామ్ మెట్టు దగ్గర ఆగిందని మాత్రమే. ర్యామ్‌ని నడిపే కంట్రోలర్ ఏఎండీలో 2003 నాటి అథ్లాన్ 64 నుంచి, ఇంటెల్‌లో 2008 నాటి నెహాలెమ్ నుంచి ప్రాసెసర్ లోపలికే వెళ్లిపోయింది. దాంతో సాకెట్‌లో ఒక్క పిన్ను వంగినా, కూలర్ ఒక మూల మరీ బిగించేసినా నేరం వచ్చి ర్యామ్ మీద పడుతుంది.

అసలు నేరమే జరగకుండా నేరం మోపే సందర్భం ఒకటుంది, దాన్ని కాస్త దగ్గర్నుంచి చూడాలి. ఏఎం5 సాకెట్ ఉన్న బీ650 బోర్డు, రైజెన్ 7600, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు. బటన్ నొక్కుతారు. ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది, పసుపు రంగు డీర్యామ్ లైటు వెలుగుతుంది. పది సెకన్లు. ముప్ఫై సెకన్లు. నిమిషం దాటాక కుర్చీలో మనిషి ఇక ఆగలేడు, బటన్ నొక్కిపట్టి ఆఫ్ చేస్తాడు. స్టిక్కులు మార్చి పెడతాడు, ఆన్ చేస్తాడు, మళ్లీ పసుపు లైటు, మళ్లీ నిమిషానికి ఆఫ్. ఇలా అర్ధరాత్రి దాకా. లోపల జరిగింది ఏంటంటే, డీడీఆర్5 వేగాల దగ్గర సిగ్నల్ ఏ క్షణంలో పంపితే ఏ స్టిక్ సరిగ్గా అందుకుంటుందో ప్రాసెసర్ మొదటిసారి కొలిచి చూసుకుంటుంది. దీన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. 2022 సెప్టెంబరులో ఏఎం5 వచ్చినప్పటి నుంచీ మొదటి ఆన్‌కి కొన్ని నిమిషాలు పట్టడం మామూలే, స్టిక్కుల సైజు, సంఖ్య పెరిగితే ఇంకా ఎక్కువ. మనిషి ఆఫ్ చేసిన ప్రతిసారీ ఆ కొలత మొదటికొస్తుంది, స్టిక్ స్లాట్ మార్చినా మొదటికే. అంటే బాగుచేస్తున్నాననుకుంటూ చేసిన ప్రతి పనీ దాన్ని ఇంకాస్త వెనక్కి నెట్టింది. పావుగంట దాకా ముట్టుకోకుండా వదిలేయడం అన్నది రిపేరు పనిలా అనిపించదు, కానీ కొత్త డీడీఆర్5 మెషీన్‌కి మొదటి వైద్యం అదే. టీ పెట్టుకుని రావచ్చు.

పావుగంటకీ కదలకపోతే అప్పుడు ర్యామ్ దగ్గరికి వెళ్లడం న్యాయం. ఇప్పటి చాలా బోర్డుల్లో స్లాట్‌కి ఒకవైపే క్లిప్ ఉంటుంది, క్లిప్ లేని వైపు స్టిక్ పూర్తిగా దిగకపోయినా క్లిప్ వైపు చూస్తే దిగినట్టే ఉంటుంది, రెండు చివర్లా బొటనవేళ్లతో గట్టిగా నొక్కాల్సిందే. రెండు స్టిక్కులే ఉంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్, నాలుగో స్లాట్, అంటే ఏ2, బీ2. మొదటి రెండిట్లో పక్కపక్కన పెట్టేయడం చూడ్డానికి అందంగా ఉంటుందేమో, బోర్డుకి మాత్రం నచ్చదు. అప్పటికీ కాకపోతే ఒక్క స్టిక్‌నే ఏ2లో ఉంచి చూడాలి, తర్వాత రెండోదాన్ని అదే చోట. నాలుగు స్లాట్లూ నింపే ఆలోచన ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, రైజెన్ 7000కి ఏఎండీ అధికారికంగా చెప్పిన వేగం రెండు స్టిక్కులకి 5200 అయితే నాలుగింటికి 3600. పెట్టె మీద 6000 అని రాసి ఉన్న స్టిక్కులు నాలుగు కొని, బయోస్‌లో ర్యామ్‌ని ఆ వేగానికి ఎక్కించే ఎక్స్‌పో సెట్టింగ్ ఆన్ చేసి, ఆ తర్వాత మెషీన్ లేవలేదంటే ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. ఎక్స్‌పో అయినా ఇంటెల్ వాళ్ల ఎక్స్‌ఎంపీ అయినా ఓవర్‌క్లాకింగే (అధికారిక వేగం దాటించడమే), మొదటిసారి ఆన్ చేసేటప్పుడు దాని జోలికి పోకుండా అంతా కుదిరాక పెట్టుకోవాలి. సెట్టింగ్ వల్లే ఆగిందనిపిస్తే కంప్యూటర్ ప్లగ్ తీసేసి, బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 సెల్ కొన్ని నిమిషాలు తీసి పెట్టడమో, క్లియర్ సీమాస్ పిన్నులు కలపడమో చేస్తే మళ్లీ ఫ్యాక్టరీ సెట్టింగులకి వస్తుంది.

సీపీయూ లైటు దగ్గరే ఆగితే, 8 పిన్నుల కేబుల్ సరిగానే ఉంటే, మిగిలినవి ముఖ్యంగా రెండు. ఒకటి బయోస్. ప్రాసెసర్ సాకెట్‌లో పట్టినంత మాత్రాన బోర్డు దాన్ని గుర్తుపడుతుందని కాదు. బీ450 బోర్డులు 2018వి, రైజెన్ 5000 ప్రాసెసర్లు 2020 నవంబరువి. బీ660 బోర్డులు 2022 జనవరిలో వచ్చాయి, ఇంటెల్ 13వ తరం అదే ఏడాది అక్టోబరులో. షాపులో ఏడాదిగా మూలనున్న బోర్డు తెచ్చి కొత్త ప్రాసెసర్ పెడితే, పాత బయోస్‌కి ఆ ప్రాసెసర్ ఎవరో తెలియదు. ఈ కోడీ గుడ్డూ సమస్య ఎంత ముదిరిందంటే, 2018లో గ్రాఫిక్స్ ఉన్న రైజెన్ 2000 ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఏఎండీయే బయోస్ అప్‌డేట్ చేసుకోవడానికి కొన్నవాళ్లకి వేరే ప్రాసెసర్ అప్పుగా పంపాల్సి వచ్చింది. ఇప్పుడు చాలా బోర్డుల వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటోంది, ప్రాసెసర్ లేకపోయినా, ర్యామ్ లేకపోయినా అప్‌డేట్ అయిపోతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేయాలి, ఫైల్ పేరు కంపెనీ చెప్పినట్టే మార్చాలి, వాళ్లు గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పితే లైటు రెండు మూడుసార్లు మిణుకుమని ఆగిపోతుంది. అప్‌డేట్ నడుస్తుండగా కరెంట్ పోకూడదు, మన ఊళ్లలో ఆ పని యూపీఎస్ మీద పెట్టి చేయడమే మంచిది. ఆ బటన్ లేని బోర్డు కొంటుంటే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా విజయవాడలో కొన్నా, బయోస్ ఏ వెర్షన్‌లో ఉందో, అప్‌డేట్ చేసి ఇస్తారో లేదో డబ్బులు కట్టకముందే అడగాలి.

రెండోది వంగిన పిన్నులు. ఇంటెల్ ఎల్‌జీఏ1700, ఏఎండీ ఏఎం5 రెండింటిలోనూ పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, పదిహేడు వందలు ఒకటి, 1718 ఒకటి. ప్రాసెసర్ వేలి సందులోంచి జారి ఒక మూల తగిలితే చాలు. ఫోన్ టార్చ్‌ని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూస్తే వరి మడిలో వరసల్లా అన్నీ ఒకే వైపు మెరుస్తాయి, వంగినది ఉంటే అక్కడ వరస చెదురుతుంది. ఒక్కోసారి మెషీన్ లేస్తుంది కూడా, రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటే కనబడుతుంది, అదీ దీని లక్షణమే. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, అక్కడ ప్రమాదం కూలర్ తీసేటప్పుడు. పేస్ట్ పట్టుకుపోయి ప్రాసెసర్ సాకెట్‌లోంచి కూలర్‌తో పాటే ఊడి వస్తుంది, పైకి లాగకుండా మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి.

వీజీఏ లైటు విషయం అంత పెద్దది కాదు. కార్డ్‌కి విడిగా పవర్ కేబుల్ పెట్టారా, స్లాట్‌లో చివరిదాకా దిగిందా, అంతే చాలావరకు. కార్డ్‌ని నిలువుగా పెట్టే రైజర్ కేబుల్ వాడుతుంటే ముందు దాన్ని తీసేసి నేరుగా స్లాట్‌లో పెట్టి చూడాలి, స్లాట్ పాత తరం వేగమైన జెన్3కి తయారైన కేబుల్ మీద బోర్డు జెన్4 వేగంతో మాట్లాడబోతే తెర నల్లగానే ఉంటుంది. ఎప్పటిదో బాగా పాత కార్డ్ తీసి కొత్త బోర్డులో పెట్టినప్పుడు కూడా ఇలాగే అవుతుంది, దానిలో యూఈఎఫ్‌ఐకి (ఇప్పటి కొత్త రకం బయోస్‌కి) కావాల్సిన ప్రోగ్రామ్ ఉండదు, బోర్డులో పాత పద్ధతి ఆఫ్ అయి ఉంటుంది.

బయోస్ తెర కనబడిందంటే గండం గడిచినట్టే, ఆ తర్వాత వచ్చేవి చాలామట్టుకు సెట్టింగుల తగాదాలు. కొత్త డిస్క్‌లో విండోసే లేనప్పుడు 'బూట్ డివైజ్ లేదు' అని రావడం లోపమే కాదు, నిజం చెప్పడం. ప్రతిసారీ సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఆగుతుంటే, లిక్విడ్ కూలర్ వైరు బోర్డు మీది పంప్ హెడర్‌కి (పిన్నుల గుంపుకి) పెట్టడం వల్ల సీపీయూ ఫ్యాన్ హెడర్ ఖాళీగా ఉండి ఉంటుంది. బోర్డులోనే దూర్చే ఎమ్.2 డిస్క్ కనబడకపోతే అది సాటా రకమా ఎన్‌వీఎమ్‌ఈ రకమా, ఆ స్లాట్ దేన్ని తీసుకుంటుందో చూడాలి. ఎమ్.2 పెట్టగానే పాత హార్డ్‌డిస్క్ మాయమైతే, ఆ రెండూ బోర్డులో ఒకే దారిని పంచుకుంటున్నాయేమో మాన్యువల్‌లో చూసి వేరే సాటా పోర్టుకి మార్చాలి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి మెషీన్లలో బయోస్‌కి కనబడే డిస్క్ విండోస్ ఇన్‌స్టాలర్‌కి కనబడకపోవడానికి వీఎమ్‌డీ అనే సెట్టింగ్ కారణం కావచ్చు, దాన్ని ఆఫ్ చేయడమో ఇంటెల్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడమో చేయాలి. ఇన్‌స్టాల్ మధ్యలో ఇంటర్నెట్ అడిగి ల్యాన్ డ్రైవర్ లేక ఆగిపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెడితే చాలావరకు గట్టెక్కుతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం గురించి కూడా చెప్పుకోవాలి, కొత్త మెషీన్ తెచ్చాక చాలామంది దీన్ని చూసే ఎస్‌ఎంపీఎస్‌ని అనుమానిస్తారు. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంట్ దారిలోని రొదని వడగట్టి ఎర్త్‌కి పంపే చిన్న కెపాసిటర్లు రెండుంటాయి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోతే అవి పంపేది పోవడానికి దారి లేక క్యాబినెట్ మీదే నిలుస్తుంది, 230 వోల్టుల్లో దాదాపు సగం, కాకపోతే అతి తక్కువ కరెంట్. టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఇది మెషీన్ లోపం కాదు, ఇంటి వైరింగ్ లోపం, పిలవాల్సింది ఎలక్ట్రీషియన్‌ని. అలాగే కరెంట్ పోగానే యూపీఎస్ ఉన్నా ఆరిపోతుంటే యూపీఎస్ సైజు చూడాలి, 600 వీఏ అని రాసిన మామూలుది ఇచ్చేది ఓ 360 వాట్లే.

ఇవన్నీ చూసినా దారి దొరక్కపోతే అప్పుడు మొదట్లో చెప్పిన నిన్నని తయారుచేసుకోవడం. బోర్డుని క్యాబినెట్‌లోంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టాలి, దాన్ని చుట్టి వచ్చిన మెరిసే సంచి మీద కాదు, ఆ సంచి పైపొరకి కరెంట్ పారే గుణం ఉండొచ్చు. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్, రెండు పవర్ కేబుళ్లు, మానిటర్. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డ్. డిస్కులు వద్దు, లైట్ల కంట్రోలర్లు వద్దు, యూఎస్‌బీలో కీబోర్డ్ తప్ప ఏదీ వద్దు. స్క్రూడ్రైవర్‌తో పిన్నులు తాకించి ఆన్ చేయాలి. లేచిందా, మెషీన్‌కి ఒక నిన్న దొరికింది. అక్కణ్నుంచి ఒక్కో పార్టూ కలుపుతూ ప్రతిసారీ ఆన్ చేసి చూస్తే ఏది కలిపాక ఆగిందో అదే దొంగ. ఓపిక లేక రెండు మూడు ఒకేసారి కలిపితే మళ్లీ మొదటికి వస్తారు. ఒక్కోసారి అట్ట మీద పాడింది క్యాబినెట్‌లో పెట్టగానే మూగబోతుంది, అప్పుడు వెతకాల్సింది స్టాండాఫ్‌లనీ బటన్ వైరునీ.

అట్ట మీద కూడా లేవకపోతేనే పార్ట్ పోయిందన్న మాటకి బలం వస్తుంది. అప్పుడు కూడా పనిచేస్తున్న ఇంకో మెషీన్ నుంచి ఎస్‌ఎంపీఎస్, తర్వాత ర్యామ్ తెచ్చి మార్చి చూడాలి, అవి తేలికగా మారేవి. మిగిలింది బోర్డో ప్రాసెసరో అయితే అనుమానం ముందు బోర్డు మీదే, ప్రాసెసర్ పెట్టెలోంచే పాడై రావడం వీటన్నిట్లోకీ అరుదు. షాపుకి వెళ్లేటప్పుడు ఏ లైటు దగ్గర ఆగుతోందో చిన్న వీడియో, అట్ట మీద చేసిన టెస్ట్‌ది, ఫోన్‌లో ఉంటే కౌంటర్ దగ్గర వాదన సగం తగ్గుతుంది. బోర్డుతో పాటు సాకెట్ మీద వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూత కూడా పట్టుకెళ్లాలి, అది లేకుండా తీసుకెళ్తే దారిలో వంగిన పిన్నుకి కూడా వారంటీ పోయేది మనదే. ఆ మూత చాలా ఇళ్లలో బిగించిన రోజే థర్మకోల్ ముక్కలతో పాటు చెత్తబుట్టలోకి వెళ్లిపోతుంది.